తొమ్మిది నెలల గ్యాప్... ఏటికొప్పాక బొంగరం

“ఇప్పుడు ఎక్కడ చేస్తున్నావమ్మా?”

పెళ్లింట్లో ఈ ప్రశ్న తప్పించుకున్న సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ఎవరైనా ఉంటే వాళ్లకో దండం. తునిలో మా పెద్దమ్మ కూతురి పెళ్లి. టిఫిన్ ప్లేటు చేతికి రాకముందే నన్ను ముగ్గురు అడిగారు. ముగ్గురికీ ఒకటే జవాబు: “వర్క్ ఫ్రమ్ హోమ్ అత్తయ్యా.”

అబద్ధం. అప్పటికి నేను ఉద్యోగం మానేసి తొమ్మిది నెలలు.

హైదరాబాద్‌లో ఆరేళ్లు చేశాను. చివరి ఏడాది అంతా అర్ధరాత్రి కాల్స్, రిలీజులు, తెల్లారేసరికి మళ్లీ మీటింగ్. ఫోన్ మోగితే గుండె దడదడలాడేది. ఒక రోజు ల్యాప్‌టాప్ తెరిచి గంటసేపు ఊరికే కూర్చున్నాను. ఒక్క లైను కూడా రాయలేకపోయాను. ఇంకో ఆఫర్ చేతిలో లేకుండానే రిజైన్ చేశాను. మూడు నెలలు రెస్ట్ తీసుకుని మళ్లీ మొదలుపెడదాం అనుకున్నా. మూడు ఆరయ్యాయి, ఆరు తొమ్మిదయ్యాయి. సేవింగ్స్ కరిగాయి. ఆరో నెల నుంచి ఇంటర్వ్యూలకి వెళ్తుంటే ప్రతి చోటా ఒకే దగ్గర ఆగిపోతున్నా. “ఈ గ్యాప్ ఏంటి?” అని అడగ్గానే గొంతు పూడుకుపోతుంది.

అమ్మానాన్నలకి విషయం తెలుసు. చుట్టాలకి మాత్రం చెప్పొద్దని అమ్మ ముందే ఒట్టు వేయించుకుంది. “సంబంధాలు చూసే టైమ్, ఎందుకొచ్చిన గోల” అంది. తప్పు పట్టలేను. అది నాకూ సౌకర్యంగానే ఉంది.

అసలు కథ ఇది కాదు. పెళ్లి మర్నాడు, శనివారం పొద్దున్నే ఫోన్‌లో ఒక మెసేజ్. తెలిసినవాళ్ల ద్వారా పరిచయమైన కన్సల్టెన్సీ ఆయన. “మేడం, మండే మీ ఇంటర్వ్యూ కదా. గ్యాప్ కనబడకుండా ఎక్స్‌పీరియన్స్ లెటర్, పేస్లిప్పులు రెడీ చేసేస్తాం. సాయంత్రం ఆరులోపు ఓకే చెప్పండి.” మన దగ్గర ఇదేమీ రహస్యం కాదు. చేసినవాళ్లు నాకు తెలుసు. దొరికిపోయి, చేరిన రెండు నెలలకే ఇంటికొచ్చినవాళ్లూ తెలుసు. అయినా ఆ పొద్దున నా వేలు ‘ఓకే’ అని టైప్ చేసే దాకా వెళ్లింది.

పక్కనే రాత్రి రిటర్న్ గిఫ్ట్‌గా ఇచ్చిన కుంకుమ భరిణ ఉంది. అరచేతిలో ఇమిడిపోయేంత. ఎరుపు, పసుపు చారలు. ఎక్కడా అంచు తగలనంత నునుపు. “ఏటికొప్పాక సరుకు” అంది పెద్దమ్మ, “ఇక్కడికి దగ్గరే, బస్సెక్కితే గంట.” ఇంకో అత్తయ్య నా వైపే వస్తోంది. “నేనొకసారి చూసొస్తా” అని చెప్పి చెప్పులేసుకున్నాను. నిజం చెప్పాలంటే అది టూర్ కాదు, పారిపోవడం.

తుని దాటగానే తాండవ నది వంతెన. వంతెన అవతల పాయకరావుపేట. తర్వాత హైవే మీద నక్కపల్లి, ఆపైన అడ్డరోడ్డు. అక్కడ దిగి ఆటో మాట్లాడుకున్నాను. హైవే గోల వెనకపడగానే రోడ్డుకి రెండు వైపులా చెరకు తోటలు, తాటిచెట్లు. అనకాపల్లి బెల్లం అని మనం తినేదంతా ఈ జిల్లా పేరు మీదే కదా. ఊరి పక్కనే వరాహ నది. నేను వెళ్లినప్పుడు నీళ్లు తక్కువ, ఇసుక ఎక్కువ.

ఏటికొప్పాక పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 2025 జనవరి 26న ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలదే. 2017లో జీఐ గుర్తింపు వచ్చింది. కెమికల్ రంగులు వచ్చి పడిన కాలంలో మళ్లీ చెట్ల నుంచి తీసే రంగులని ఈ ఊరికి తెచ్చిన చింతలపాటి వెంకటపతి రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఇదంతా నేను ఆటోలో కూర్చుని ఫోన్‌లో చదివింది. ఊళ్లోకి వెళ్లాక తెలిసింది వేరు.

ఆటో దిగగానే మొదట వినిపించింది శబ్దం. ఒక ఇంట్లోంచి గుర్ర్‌మని మోటారు, దాని మీద కర్రను ఉలి చెక్కుతున్న గరగర. రెండిళ్లు దాటితే ఇంకో మోటారు. అరుగుల మీద చెక్క పొట్టు. నేను మామూలుగా షాపులో బొమ్మలు కొనుక్కుని వెనక్కి వెళ్లిపోయేదాన్నే. కానీ ఒక రేకుల షెడ్డు తలుపు తీసుంది. లోపల ఒకావిడ లేత్ ముందు కూర్చుని పని చేస్తోంది. యాభై దాటి ఉంటాయి. జుట్టు మీద, చీర మీద తెల్లటి పొట్టు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నా ఆవిడ తలెత్తలేదు.

కర్ర గిర్రున తిరుగుతోంది. ఉలి ఆనించగానే పొట్టు రిబ్బన్‌లా లేచి పడుతోంది. నిమిషంలో మెడ, ఇంకో నిమిషంలో పొట్ట. తర్వాత పసుపు రంగు లక్క కడ్డీ ఒకటి తీసి, తిరుగుతున్న కర్రకి గట్టిగా అదిమింది. బ్రష్ లేదు, డబ్బా లేదు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకి పట్టేసింది. చివర్లో ఒక మొగలి ఆకు ముక్క మడిచి నొక్కితే అద్దంలాంటి మెరుపు. మొత్తం ఐదు నిమిషాలు. మోటారు ఆపింది. చేతిలో ఒక బుల్లి కూజా.

“లోపలికి రామ్మా. గుమ్మంలో నిలబడితే ఏటి కనబడద్ది?”

“థ్యాంక్స్ ఆంటీ.”

“ఆంటీ ఏటి... పిన్నీ అను.”

అలా పిన్ని అయింది. పేరు అడిగాను, చెప్పింది. “పేపర్లో వెయ్యకు తల్లీ” అని కూడా చెప్పింది, అందుకే ఇక్కడ రాయట్లేదు.

కర్ర చూపించింది. అంకుడు కర్ర. మెత్తగా, తెల్లగా ఉంటుంది, ఉలికి తేలిగ్గా లొంగుతుంది. చెట్టు మొత్తం కొట్టెయ్యక్కర్లేదు. కొమ్మలు కోసుకుంటే మళ్లీ చిగురేస్తుంది. కోసిన కర్ర వెంటనే పనికిరాదు, ఆరబెట్టాలి. పచ్చి మీద చెక్కితే తర్వాత చీలిపోతుంది. “ఇప్పుడు కర్ర దొరకడమే కష్టమైపోతంది” అంది. పసుపు రంగుకి మనం కూరలో వేసే పసుపే. ఎరుపు, నారింజ ఛాయలకి జాఫ్రా గింజలు. నీలానికి నీలిమందు. పిల్లలు నోట్లో పెట్టుకున్నా ఫర్వాలేదని ధైర్యంగా చెప్పింది. అరలో లక్కపిడతలు చూడగానే నాకు నవ్వొచ్చింది. చిన్నప్పుడు నా దగ్గర ఇలాంటి సెట్టే ఉండేది. ఉత్తుత్తి అన్నం, ఉత్తుత్తి పప్పు వండి నాన్నకి పెట్టేదాన్ని.

“ఏం చేస్తన్నావమ్మా?” అంది పిన్ని. ఇక్కడ కూడా అదే ప్రశ్న!

“సాఫ్ట్‌వేర్. లీవ్ మీద ఉన్నా.”

“ఎన్నాళ్లు లీవు?”

చుట్టాల్లో ఎవరూ ఈ రెండో ప్రశ్న అడగలేదు. నాకు వెంటనే అంకె తట్టలేదు. ‘వారం’ అంటే సరిపోయేది. ఎందుకో నోట్లోంచి “తొమ్మిది నెలలు” అని వచ్చేసింది.

ఆవిడ కాసేపు నా వైపు చూసింది. “అంతంత లీవు ఎవరిత్తారు?” అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది. నేను ఏడవట్లేదు గానీ ఏడుస్తున్నట్టే ఉన్నానేమో. ఒక స్టూలు నా వైపు జరిపింది.

మొత్తం చెప్పేశాను. అర్ధరాత్రి కాల్స్, రిజైన్ చెయ్యడం, ఇంటర్వ్యూలు, కన్సల్టెన్సీ మెసేజ్. ఇప్పటికీ ఆలోచిస్తే వింతగా ఉంటుంది. ఆరేళ్ల స్నేహితులకి చెప్పనిది, పావుగంట పరిచయమైన మనిషికి చెప్పాను. బహుశా ఆవిడకి నా ప్యాకేజీ ఎంతో తెలియదు కాబట్టి. నా పెళ్లి సంబంధాలతో పనిలేదు కాబట్టి.

అంతా విని ఆవిడ ఓదార్చలేదు. “నువ్వోసారి తిప్పుతావా?” అంది.

“నాకు రాదు పిన్నీ.”

“రాదనే గదా తిప్పమంటన్నాను.”

చున్నీ నడుముకి కట్టించింది. కర్ర బిగించి, ఉలి ఎలా పట్టుకోవాలో చూపించింది. ఎడమ చెయ్యి ఆన్చాలి, కుడి చెయ్యి తోయాలి, తొందరపడకూడదు. మోటారు వేసింది. నేను ఉలి ఆనించిన రెండో క్షణంలోనే టప్‌మని కర్ర అంచు ఎగిరిపోయింది. కూజా కావాల్సిన కర్ర మధ్యలో పెద్ద గంటు. “సారీ సారీ” అంటూ లేవబోయాను.

“కూచో. ఏటైపోయిందిప్పుడు?”

ఆవిడే ఉలి తీసుకుంది. గంటు పడిన చోటు వరకూ చెక్కేసింది. కర్ర సన్నబడింది, పొట్టిదైంది. కింద మొన తేలింది. ఎర్ర లక్క, పచ్చ లక్క, మొగలి ఆకు. నా చేతిలో బొంగరం పెట్టింది. “కూజాకి పనికిరాకపోతే బొంగరానికి పనికొత్తాది. మరీ పోతే పొయ్యిలోకి. అప్పుడు గానీ పారెయ్యం.”

ఇక్కడితో ఆపేస్తే ఇది వాట్సాప్‌లో వచ్చే మంచిమాటల ఫార్వర్డ్‌లా ఉంటుంది. నాకు పనికొచ్చింది ఆ తర్వాత ఆవిడ చెప్పిన సొంత కథ.

పన్నెండేళ్ల వయసులో తండ్రి దగ్గర పని నేర్చుకుందట. అప్పుడు చేతి లేత్. ఒకళ్లు తాడు లాగుతుంటే కర్ర తిరిగేది, ఇంకొకళ్లు చెక్కేవాళ్లు. పెళ్లై నర్సీపట్నం వైపు ఊరికి వెళ్లింది. అక్కడ లేత్ లేదు, చెరకు పనులే. పదకొండేళ్లు ఉలి పట్టుకోలేదు. తర్వాత ఇంట్లో పరిస్థితులు తిరగబడి ఇద్దరు పిల్లలతో పుట్టింటికి వచ్చేసింది. వచ్చి చూస్తే ఊళ్లో చేతి లేత్‌లు పోయి మోటార్లు వచ్చేశాయి.

“ఆ మోటారు చప్పుడికే గుండెలు దడ. చెయ్యి పోద్దని బయం. పది రోజులు మా తమ్ముడు చేత్తంటే ఊరికే చూశాను. నెల్లాళ్లు ఒక్క బొమ్మా గుండ్రంగా రాలేదు.”

లేచి వెళ్లి, పై అరలోంచి ఒకటి తెచ్చింది. కుంకుమ భరిణ. మూత ఒక పక్కకి ఒరిగి ఉంది. తిరిగి వచ్చాక చేసిన మొదటిదట. అమ్మలేదు. పారెయ్యలేదు.

నేను అసలు అడగాల్సింది అప్పుడు అడిగాను. “మరి పని ఎలా ఇచ్చారు పిన్నీ? పదకొండేళ్లు మానేశానని చెప్పారా?”

“చెప్పొద్దనే అన్నారు అందరూ. అత్తారింటికాడ కూడా చేశానని చెప్పు, లేకపోతే ఆర్డరివ్వడన్నారు. షావుకారుకి ఏం చెప్తే ఏటి? చేతికి కర్రిస్తే తెలిసిపోద్ది గదా. చెప్పేశాను. పదకొండేళ్లు ముట్టుకోలేదు బాబూ, పెద్దవి ఇప్పుడే రావు, బొంగరాలియ్యి అన్నాను.”

“ఇచ్చాడా?”

“ఒకాయన పొమ్మన్నాడు. రెండో ఆయనిచ్చాడు. రేటు తక్కువే. ఏడాదికి భరిణలిచ్చాడు. ఆ తర్వాత కూజాలు.”

నాకు వెంటనే ఒక అభ్యంతరం వచ్చింది, దాచుకోలేదు. “మీ కర్ర అదే కర్ర పిన్నీ. మా పని అలా కాదు. ఈ తొమ్మిది నెలల్లోనే కోడ్ రాసే ఏఐ టూల్స్ ఎన్ని వచ్చాయో. నేను వెళ్లేసరికి అంతా మారిపోయి ఉంటుంది.”

“మరి మాకు మోటారు రాలేదా?” అంది. అంతే. ఇంకేం వాదించలేదు. కాసేపాగి తనే మళ్లీ, “మీ పని సంగతి నాకు తెలీదమ్మా. గానీ ఆరేళ్లు చేశానంటన్నావు. ఆ ఆరేళ్లూ నిజమే గదా. దాని పక్కన అబద్దం ఒకటి ఎడితే, అడిగినోడికి ఆ ఆరేళ్లు కూడా అనుమానమే” అంది.

ఈ మాట ఏ కెరీర్ కోచ్ వీడియోలోనూ నాకు దొరకలేదు. అప్పటిదాకా నేను ఆ తొమ్మిది నెలలని ఎలా దాచాలా అనే చూస్తున్నాను. దాచడానికి వాడే అబద్ధం, నేను నిజంగా కష్టపడిన ఆరేళ్లనీ మింగేస్తుందని ఆలోచించలేదు.

బొంగరానికి డబ్బులివ్వబోతే తీసుకోలేదు. “అది నువ్వు పాడుచేసింది, దానికి డబ్బులేటి?” అంది. లక్కపిడతల సెట్టు ఒకటి, రెండు కూజాలు కొన్నాను. వాటికి మాత్రం గట్టిగా లెక్క చూసి తీసుకుంది. రూపాయి తగ్గించలేదు. అదీ నచ్చింది నాకు.

మళ్లీ అడ్డరోడ్డుకి వచ్చి, టీ కొట్టు దగ్గర బస్సు కోసం నిలబడి మెసేజ్ పెట్టాను. “వద్దండీ.” సాయంత్రం నాలుగున్నర. ఆయన వెంటనే ఫోన్ చేశాడు, ఎత్తలేదు. చేతులు వణికాయి, అబద్ధం చెప్పను. తునికి చేరాక అత్తయ్య మళ్లీ ఎదురొచ్చి, “ఇంతకీ ఆఫీసు ఎక్కడమ్మా, మాదాపూరా?” అంది. “ఇప్పుడు జాబ్ లేదు అత్తయ్యా, వెతుక్కుంటున్నా” అన్నాను. వెనక అమ్మ చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది. అత్తయ్య ఒక్క క్షణం తటపటాయించి, “మా వాడిది కూడా పోయింది, ఎవరికీ చెప్పలేదు” అంది మెల్లగా. ఆ రాత్రి ఇద్దరం మేడ మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. అమ్మ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అది వేరే సంగతి.

ఆదివారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, సోమవారం ఇంటర్వ్యూకి వెళ్లాను. గ్యాప్ గురించి అడిగారు. ఈసారి గొంతు పూడుకుపోలేదు. “ఆరోగ్యం దెబ్బతింది, మానేశాను. ఇప్పుడు బాగున్నాను. కొత్త టూల్స్ నేర్చుకుంటున్నాను, ఇంకా పూర్తిగా రావు” అని చెప్పాను. సినిమాలో అయితే వెంటనే ఆఫర్ లెటర్ వచ్చేది. రాలేదు. పొమ్మన్న మొదటి ఆయన అనుకున్నాను. ఇంకో ఏడు వారాలు, ఇంకో నాలుగు ఇంటర్వ్యూలు పట్టాయి. ఆఖరికి ఒక చిన్న కంపెనీలో పాత జీతం కంటే తక్కువకి చేరాను. మొదటి నెల నాకంటే నాలుగేళ్లు చిన్న కుర్రాడి పక్కన కూర్చుని, పది రోజులు ఊరికే చూశాను. వాడు ఏఐతో కోడ్ ఎలా రాయిస్తున్నాడో, ఎక్కడ దాన్ని నమ్మట్లేదో నోట్స్ రాసుకున్నాను. సిగ్గనిపించలేదా అంటే, అనిపించింది. అయినా రాసుకున్నాను.

ఇది చదువుతున్న మీలో ఎవరైనా ఇప్పుడు ‘వర్క్ ఫ్రమ్ హోమ్’ అని చెప్తూ ఇంట్లో ఉన్నట్లయితే, రిజైన్ చెయ్యడం గొప్ప అని నేను చెప్పట్లేదు. మా ఇంట్లో అద్దె నాన్న కట్టారు కాబట్టి నేను తొమ్మిది నెలలు ఆగగలిగాను. అందరికీ అది కుదరదు. కానీ గ్యాప్ వచ్చాక దాన్ని ఎలా చెప్పాలన్నది మాత్రం మన చేతుల్లోనే ఉంది.

ఏటికొప్పాక వెళ్లాలంటే వైజాగ్ నుంచి గానీ తుని నుంచి గానీ హైవే మీద అడ్డరోడ్డులో దిగండి, అక్కడి నుంచి ఆటో. రైలైతే నర్సీపట్నం రోడ్ స్టేషన్ దగ్గర. పొద్దున్నే వెళ్తే పని చేస్తుండగా చూడొచ్చు. ఫొటో తీసేముందు అడగండి. బేరం మరీ గీచిగీచి ఆడకండి. రెండు గంటలు చాలు, కానీ ఒక పూట ఉంచుకోండి. ఎవరైనా స్టూలు జరిపితే కూర్చోవడానికి.

నా బొంగరం ఇప్పుడు ఆఫీసు డెస్క్ మీద ఉంది. బిల్డ్ నడుస్తున్నంతసేపు తిప్పుతుంటాను. గంటు ఎంత చెక్కినా ఒక పక్క ఇంకా కాస్త మిగిలినట్టుంది, కొంచెం ఊగుతూ తిరుగుతుంది. వచ్చే సంక్రాంతికి తుని వెళ్తాం. ఈసారి పిన్ని దగ్గర కూజా పూర్తి చేసి తీరాలి.